నోరు జారిన తలాఖ్: నవ్వులాటకన్నా చెల్లుతుందా?

భార్యాభర్తల గొడవ ముదిరితే ఏ తెలుగింట్లోనైనా వినిపించే మాట ఒకటుంది: "పో, మీ పుట్టింటికి పో." అన్నవాడికి అరగంట తర్వాత అది గుర్తుండదు. విన్నామె సంచి సర్దుకుని బస్టాండు దాకా వెళ్లి తిరిగి రావచ్చు, లేదా ఆ మాటను పట్టించుకోకుండా పొయ్యి మీద కూర కలుపుకోవచ్చు. చట్టానికి ఆ మాటతో పనిలేదు. ముస్లిం ఇంట్లో అదే మాట పడితే మాత్రం ఒక ప్రశ్న లేస్తుంది. ఆ క్షణంలో అతని మనసులో ఏముంది? విడిచిపెట్టాలనే అన్నాడా, ఉత్త కోపమా?

ఈ ప్రశ్నకు పద్నాలుగు వందల ఏళ్ల వయసుంది. ప్రవక్త మాటలను, చేతలను చెప్పే కథనాలను హదీసులంటారు. బుఖారీ హదీసు సంకలనంలో "మీవాళ్ల దగ్గరికి వెళ్లు" అన్న మాట రెండు చోట్ల, రెండు వేర్వేరు ఫలితాలతో కనిపిస్తుంది. తబూక్ దండయాత్రకు వెళ్లకుండా మదీనాలో ఉండిపోయినందుకు కఅబ్ బిన్ మాలిక్‌తో 50 రోజుల పాటు ఎవరూ మాట్లాడలేదు. నలభయ్యో రోజున, భార్యకు కూడా దూరంగా ఉండమని ప్రవక్త దగ్గర్నుంచి కబురొచ్చింది. "తలాఖ్ ఇవ్వమంటారా?" అని అడిగాడు. అక్కర్లేదు, దూరంగా ఉంటే చాలన్నారు. అప్పుడతను భార్యతో, దేవుడు ఏదో ఒకటి తేల్చేదాకా మీవాళ్ల దగ్గరికి వెళ్లి ఉండమన్నాడు. పదిరోజుల తర్వాత శిక్ష తీరింది, ఆమె మళ్లీ ఇంటికొచ్చింది. ఆ మాటను ఎవరూ తలాఖ్‌గా లెక్కపెట్టలేదు. రెండోది జౌన్ వంశపు స్త్రీ కథ. ప్రవక్తతో నికా అయిన ఆమె, ఆయన దగ్గరికి రాగానే "నీనుంచి దేవుని శరణు" అంది. "గొప్ప శరణే కోరావు, మీవాళ్ల దగ్గరికి వెళ్లు" అన్నారాయన. అక్కడ అదే మాట తలాఖ్ అయింది.

ఇలాంటి మాటలకు ధర్మశాస్త్రంలో కినాయా అని పేరు. అంటే చాటుగా చెప్పే మాట. "నీకూ నాకూ ఇక ఏమీ లేదు", "నువ్వు నీ దారి చూసుకో", "నీ గడువు లెక్కపెట్టుకో" వంటివన్నీ ఈ ఖాతాలోవే. వీటికి నియ్యత్, అంటే మనసులోని ఉద్దేశం, తోడైతేనే తలాఖ్ పడుతుంది. సున్నీ ధర్మశాస్త్రంలో హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ అని నాలుగు మతాలు, అంటే శాఖలు, ఉన్నాయి. కొన్ని మాటల విషయంలో హనఫీ పండితులు సందర్భాన్నీ చూస్తారు. అప్పటికే తలాఖ్ గురించే వాదన నడుస్తోందా, మనిషి కోపంలో ఉన్నాడా, మామూలుగా కూర్చుని మాట్లాడుతున్నాడా అని.

తలాఖ్ అన్న పదమే నోట్లోంచి వస్తే లెక్క మారిపోతుంది. దాన్ని సరీహ్ అంటారు, తేటమాట. దానికి నియ్యత్ అడగరు. అరబ్బీలో ఈ పదం ధాతువుకు కట్టు విప్పడం అని అర్థం. కాలి తాడు విప్పి వదిలేసిన ఒంటెకూ అదే ధాతువు వాడతారు. విప్పాక, ఊరికే విప్పానంటే ఒంటె వినదు కదా. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఒక హదీసు ఉంది. మూడు విషయాల్లో నిజంగా అన్నా నిజమే, నవ్వులాటకన్నా నిజమేనని దాని సారాంశం. ఆ మూడూ నికా, తలాఖ్, ఇచ్చిన తలాఖ్‌ను వెనక్కి తీసుకోవడం. ఖుర్ఆన్ రెండో అధ్యాయం 231వ వాక్యం కూడా తలాఖ్ గురించి చెబుతూనే "దేవుని వాక్యాలను ఆటగా తీసుకోకండి" అంటుంది. కొందరు మగవాళ్లు తలాఖ్ ఇచ్చేసి, తర్వాత "ఆటకన్నాను" అని తప్పించుకునేవారని, దాని గురించే ఈ వాక్యమని వ్యాఖ్యాతలు రాశారు.

కఠినంగా కనిపించే ఈ నియమం వెనుక ఒక లెక్క ఉంది. "జోక్ చేశాను" అనేది సాకుగా చెల్లితే, తెల్లారేసరికి ప్రతి తలాఖూ జోకైపోతుంది. ఆమెకు పెళ్లయినట్టా, కానట్టా అన్నది అతని ఇష్టాన్ని బట్టి రోజుకో రకంగా ఉంటుంది. ఎదుటివాడి మనసు తవ్విచూసే పని ఏ ఖాజీ వల్లా కాదు; చెవిన పడ్డది మాటే. అందుకే తేటమాట వరకు శాస్త్రం చెవిని నమ్మింది.

చెవిని నమ్మడం మొదలుపెట్టాక వ్యాకరణం కూడా ముఖ్యమవుతుంది. ఉర్దూలో "తలాఖ్ దే దియా" అంటే అయిపోయిన పని, పడుతుంది. "తలాఖ్ దే దూంగా" అంటే బెదిరింపు, పడదు. తెలుగులో "ఇచ్చేశా" అంటే చిక్కులేదు, "ఇస్తా" అంటే రేపటి మాట. సున్నీ శాస్త్రంలో అరబ్బీలోనే అనాలన్న నియమం లేదు కాబట్టి ప్రతి భాషలోనూ, ప్రతి ప్రాంతంలోనూ ఆ మాటకు ఊళ్లో ఏ అర్థం నడుస్తోందో చూడాలి. "ఛోడ్ దియా", అంటే వదిలేశాను అన్నది, పుట్టుకతో చాటుమాటే. వదిలేయడం దేన్నయినా కావచ్చు. కానీ ఉర్దూ సమాజంలో భార్యను ఉద్దేశించి అలా అంటే విడాకులనే అర్థం స్థిరపడిపోయిందని, కాబట్టి అది తేటమాటల్లో చేరిపోయిందని మన దేశపు హనఫీ ముఫ్తీలు, అంటే ఫత్వా (శాస్త్రం ప్రకారం అభిప్రాయం) ఇచ్చే పండితులు, చాలామంది రాస్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలు కోస్తాలో, రాయలసీమలో ఎన్నో ఉన్నాయి. అక్కడ "నిన్ను వదిలేశాను" అంటే? "ఆమెను మొగుడు వదిలేశాడు" అని పల్లెల్లో అన్నప్పుడు దాని అర్థం ఎవరికైనా తెలిసిందే. ఉర్దూ చదువు చదివిన ముఫ్తీ ఇక్కడ ముందుగా కనుక్కోవాల్సింది మతం కాదు, మాండలికం.

పాత గ్రంథాలు ఈ మాటల్ని ఎంత దూరం తరిమాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. "నీకు అర తలాఖ్" అంటే? తలాఖ్‌ను ముక్కలు చేయలేం, కాబట్టి ఒకటిగా పైకి సవరిస్తారు. మూడు వేళ్లు చూపించి "నీకు ఇన్ని" అంటే హనఫీల లెక్కలో మూడు. తలాఖ్ అంటూనే ఊపిరి తిప్పుకోకుండా "ఇన్‌షా అల్లా" కలిపితే హనఫీ, షాఫయీ మతాల్లో ఏమీ పడదు, ఎందుకంటే దాన్ని తెలియని దైవేచ్ఛకు ముడిపెట్టాడు. మాలికీలు ఆ మినహాయింపు ఒప్పుకోరు. పాఠం చెబుతూ ఉదాహరణగా అన్నా, ఇంకొకరు అన్నదాన్ని తిరిగి చెప్పినా పడదు. మనసులో ఎంత గట్టిగా అనుకున్నా, నోటితో అననంతవరకు పడదు. భార్య పేరు పెట్టి ఫోన్‌లో టైప్ చేసి పంపితే రాతకూ మాట విలువే వస్తుంది. 2003లో మలేషియాలోని ఒక షరియా కోర్టు ఎస్ఎంఎస్ తలాఖ్ చెల్లుతుందని చెప్పినప్పుడు ప్రపంచమంతా వింతగా చూసింది కానీ, శాస్త్రం చదివినవాళ్లకు అది ఉత్తరానికి కొత్త కవరు మాత్రమే.

ఒక తిరకాసు మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. హనఫీ లెక్కలో ఒక్కసారి అన్న తేటమాట మెత్తనిది, చాటుమాట గట్టిది. "తలాఖ్ ఇచ్చాను" అని ఒకసారి అంటే అది రజయీ, వెనక్కి తీసుకోగలిగేది. ఇద్దత్ గడువులో, అంటే మూడు నెలసరులు పూర్తయ్యేలోగా, "వెనక్కి తీసుకున్నా" అంటే సరిపోతుంది. అననక్కర్లేదు కూడా, దగ్గరికి తీసుకున్నా రుజూ, అంటే వెనక్కి తీసుకోవడం, అయిపోయినట్టే. "పుట్టింటికి పో" అని నిజంగా విడిచిపెట్టే ఉద్దేశంతో అంటే అది బాయిన్, అప్పటికప్పుడే తెగిపోతుంది. కలవాలంటే కొత్త నికా, కొత్త మెహర్ (పెళ్లిలో భర్త భార్యకిచ్చే సొమ్ము) కావాలి. మర్యాదగా, ఆ పాడుమాట నోటితో అనకుండా చెప్పాననుకున్నవాడు ఎక్కువ నష్టపోతాడన్నమాట.

చాటుమాటల గురించి చెప్పుకుంటున్నప్పుడు తెలుగువాళ్ల చెవికి దగ్గరగా ఉండే ఇంకో సంగతి ఉంది. భార్యతో విసిగిపోయి "తల్లీ, నీకో దండం" అనని భర్త అరుదు. ఇస్లాంకు ముందు అరేబియాలో "నువ్వు నాకు మా అమ్మ వీపులాంటిదానివి" అంటే చాలు, భార్య శాశ్వతంగా నిషిద్ధమైపోయేది. దీన్ని జిహార్ అనేవారు. ఔస్ బిన్ సామిత్ అనే పెద్దాయన కోపంలో ఇలాగే అన్నాడు. అతని భార్య ఖౌలా నేరుగా ప్రవక్త దగ్గరికి వెళ్లి గోడు చెప్పుకుంది, ఒకసారి చెప్పి ఊరుకోలేదు, వాదించింది. ఖుర్ఆన్ 58వ అధ్యాయం ఆమె మొరతోనే మొదలవుతుంది. ఆ అధ్యాయం పేరే "వాదించిన స్త్రీ". భార్యలు తల్లులు కారు, కన్నవాళ్లే తల్లులు, అది చెడ్డ మాట, అబద్ధం అని చెప్పి, నోరు జారినవాడికి పరిహారం విధించింది. ఒక బానిసను విడిపించాలి, అది కుదరకపోతే వరసగా రెండు నెలలు ఉపవాసం, అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు భోజనం. అంటే మాట తిరిగి తీసుకోవచ్చు, కాకపోతే ఖర్చుతో. మన "తల్లీ" మాత్రం ఇందులోకి రాదు. పోలిక లేకుండా ఉత్త పిలుపుగా అమ్మా, తల్లీ, చెల్లీ అంటే బంధం చెడదు, అయితే మంచి పద్ధతి కాదు అని శాస్త్రకారులు సరిపెట్టారు.

ఇక కోపం సంగతి. "కోపంలో అన్నాను" అని ముఫ్తీ దగ్గర చెప్పేవాడికి సాధారణంగా వచ్చే జవాబు "సంతోషంలో ఎవరు అంటారు?" అనే. అయినా కోపానికి కూడా మెట్లున్నాయి. ప్రవక్త భార్య ఆయిషా చెప్పిన ఒక హదీసులో "ఇగ్లాఖ్‌లో తలాఖ్ లేదు" అని ఉంది. ఇగ్లాఖ్ అంటే మూసుకుపోవడం. కొందరు దాన్ని బలవంతమన్నారు, కొందరు కళ్లు మూసుకుపోయే కోపమన్నారు. 14వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ కోపాన్ని మూడుగా విడగొట్టాడు. ఏమంటున్నాడో తెలిసే కోపం మొదటిది, అందులో అన్నది పడుతుంది. ఏమన్నాడో తనకే తెలియని స్థితి రెండోది, పడదు. ఈ రెంటికీ మధ్య, తెలుస్తూనే ఉన్నా తనను తాను ఆపుకోలేని కోపం మూడోది. గొడవంతా దీని మీదే. ఇబ్నుల్ ఖయ్యిమ్ పడదన్న వైపే మొగ్గాడు.

తాగుడు విషయంలో మెజారిటీ పండితులు కరుణ చూపలేదు. తాగింది తనిష్టంతోనే కదా, ఫలితం అనుభవించాలన్నారు. మూడో ఖలీఫా ఉస్మాన్ మాత్రం తాగినవాడి తలాఖ్ చెల్లదనేవారని బుఖారీలో ఉంది; హనఫీల్లోనే తహావీ, కర్ఖీ లాంటివాళ్లు ఆ మాటే పట్టుకున్నారు. బలవంతం దగ్గర హనఫీలు మిగతా ముగ్గురికీ దూరంగా నిలబడతారు. మెడ మీద కత్తి పెట్టి అనిపించినా తలాఖ్ పడుతుందని వాళ్ల లెక్క. అదే కత్తి పెట్టి కాగితం మీద రాయించి, నోటితో అననివ్వకపోతే పడదు! నాలుకకు ఇచ్చిన పెద్దపీట కలానికి ఇవ్వలేదు. నిద్రలో అన్నదానికి ఏ శాఖలోనూ విలువ లేదు, నిద్రపోయేవాడు మేలుకునేదాకా అతని పద్దు రాసే కలం ఆగి ఉంటుందని హదీసు.

శాస్త్రంలో ఇంత వివరం ఉన్నా ఊళ్లో పంచాయతీకి చేరేసరికి మిగిలేది గుప్పెడు. 2006లో పశ్చిమ బెంగాల్‌లోని ఫాలాకాటాలో ఒకతను నిద్రలో మూడుసార్లు తలాఖ్ అన్నాడు. ఆ ముచ్చట భార్య స్నేహితురాళ్లకు చెబితే అది ఊరంతా పాకింది, పెద్దలు ఇద్దరూ విడిపోవాల్సిందేనన్నారు. వాళ్లు ససేమిరా అన్నారు. అంతకుముందు 2003లో ఒడిశాలోని భద్రక్ జిల్లాలో తాగిన మైకంలో భర్త మూడుసార్లు అనేశాడు. పొద్దున్నే మత్తు దిగింది, ఇద్దరూ మామూలుగానే ఉన్నారు, ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆ జంట సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కలిసి ఉండాలనుకుంటున్న ఇద్దరిని ఎవరూ బలవంతంగా విడదీయలేరని, రక్షణ కల్పించాలని 2006లో కోర్టు చెప్పింది. ఈ రెండు చోట్లా విడిపోదామన్నది భార్యా కాదు, భర్తా కాదు.

నోరు జారడంలో ఇంకో రకం ఒట్టు. మనవాళ్లు "మా అమ్మ మీద ఒట్టు", "పిల్లల మీద ఒట్టు" అన్నట్టు ఈజిప్టు, సిరియా బజార్లలో "అలయ్యత్తలాఖ్" అంటారు, నా మీద తలాఖ్ అని. ఇంతకంటే తగ్గించలేనని దుకాణదారు, భోజనం చేయకుండా వెళ్లడానికి వీల్లేదని ఆతిథ్యమిచ్చేవాడు, ఇద్దరూ ఇంట్లో ఉన్న ఇల్లాలి కాపురాన్నే పందెం కడతారు. బేరం ఒప్పుకోకుండా వెళ్లిపోయేవాడికి ఆమె ఎవరో కూడా తెలియదు. నాలుగు సున్నీ మతాల పాత లెక్కలో, ఒట్టు తప్పితే తలాఖ్ పడిపోతుంది. ఇది ఒట్టే తప్ప తలాఖ్ కాదు, ఒట్టు తీర్చుకునే పరిహారం ఇస్తే చాలని ఇబ్నుల్ ఖయ్యిమ్ గురువు ఇబ్ను తైమియ్యా ఫత్వా ఇచ్చాడు. ఇవ్వొద్దని సుల్తాను ఆజ్ఞ వచ్చినా మానలేదు. 1320లో దీనికోసమే డమాస్కస్ కోటలో అయిదు నెలలకు పైగా బందీగా ఉన్నాడు. ఆరు వందల ఏళ్ల తర్వాత, 1929లో ఈజిప్టు 25వ నంబరు చట్టం దాదాపు ఆయన దారే పట్టింది. తాగినవాడి తలాఖ్, బలవంతపు తలాఖ్ చెల్లవని, ఒట్టుగా వాడిన తలాఖ్ చెల్లదని, ఒకే మాటలో ఎన్ని అన్నా ఒకటేనని, చాటుమాటకు నియ్యత్ ఉండాల్సిందేనని నాలుగు చిన్న నిబంధనల్లో రాసేసింది. అదే ఈజిప్టులో 2017లో అధ్యక్షుడు సిసీ ఒక అడుగు ముందుకేసి, కాగితం మీద నమోదు కాని నోటి తలాఖ్ చెల్లకుండా చేద్దామంటే, కైరోలోని ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజ్‌హర్ పెద్దలు ఒప్పుకోలేదు. షరతులన్నీ ఉన్న నోటి తలాఖ్ ప్రవక్త కాలం నుంచీ చెల్లుతూనే ఉందన్నారు.

మన ఉపఖండంలో ఒట్టుకు పరాకాష్ఠ "కుల్లమా కీ ఖసమ్". కుల్లమా అంటే ఎప్పుడెప్పుడైతే అని. "నేను ఎప్పుడెప్పుడు పెళ్లి చేసుకుంటే అప్పుడప్పుడల్లా ఆమెకు తలాఖ్" అని పెళ్లికాని కుర్రాడు స్నేహితుల ముందు ఆవేశంగా అంటాడు. షాఫయీలు దీన్ని పట్టించుకోరు, లేని భార్యకు తలాఖ్ ఏమిటంటారు. హనఫీల్లో మాత్రం ఇది నిలబడుతుంది. పెళ్లి చేసుకున్న మరుక్షణం తెగిపోతుంది, మళ్లీ చేసుకుంటే మళ్లీ తెగుతుంది. ఇరుక్కున్నవాడిని బయటపడేయడానికి శాస్త్రకారులే ఒక సందు చూపించారు. ఫుజూలీ, అంటే ఎవరూ అడగని మనిషి, తనంతట తానే అతని తరఫున నికా చేసి వస్తాడు. ఇతను నోటితో ఒప్పుకున్నానని అనకూడదు, మెహర్ పంపించి చేతతో ఒప్పుకోవాలి. నోటితో పడ్డ ముడిని నోరు కదపకుండానే విప్పుకోవడం! నవ్వొస్తుంది కానీ, ఒట్టు పెట్టినవాడికి అది జీవన్మరణ సమస్య.

ఇవన్నీ ఒక ఎత్తు, మూడు అన్న అంకె ఒక ఎత్తు.

మన దగ్గర మామూలు ముస్లింను, ముస్లిమేతరుడిని కూడా, అడిగి చూస్తే తలాఖ్ అంటే మూడుసార్లు అనాలనే చెబుతారు. ఒకసారి అంటే పడదని నమ్మేవాళ్లు బోలెడుమంది. నిజం దానికి పూర్తిగా ఎదురు. ఒక్కసారి అంటే చాలు. అన్నిటికంటే మంచిదిగా శాస్త్రం చెప్పిన అహ్సన్ పద్ధతిలో ఉన్నదే ఒక్క తలాఖ్. ఆమె నెలసరిలో లేనప్పుడు, ఇద్దరూ కలవని ఆ శుద్ధి రోజుల్లో, ఒకసారి చెప్పి ఊరుకోవడం. మూడు నెలసరుల గడువులో మనసు మారితే కాపురం నిలుస్తుంది, మారకపోతే తెగుతుంది. తెగినా మళ్లీ నికా చేసుకునే దారి ఉంటుంది. "తలాఖ్ రెండుసార్లు" అని ఖుర్ఆన్ 2:229 చెబుతుంది, ఆ పైన మూడోదే తలుపు మూస్తుంది. మూడు అనేది జీవితకాలపు నిల్వ, ఒక్క పూటలో ఖర్చుపెట్టేది కాదు. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల, భార్యను భయపెట్టాలనుకున్నవాడు కూడా, "పూర్తిగా పడాలంటే మూడనాలి" అనుకుని మూడూ అనేస్తాడు. ఇక్కడ నాలుక వేగం కంటే అరకొర చదువు చేసే నష్టమే ఎక్కువ. ఒకసారి అని గదిలోంచి వెళ్లిపోయినవాడికి రుజూ ఉంది, మూడుసార్లు అన్నవాడికి ముఫ్తీ ఇంటి ముందు నిలబడటమే ఉంది.

ఒకేసారి అన్న మూడు మూడవుతాయా, ఒకటవుతాయా అన్న తగువు కూడా పాతదే. ప్రవక్త కాలంలో, మొదటి ఖలీఫా అబూబకర్ పాలనలో, రెండో ఖలీఫా ఉమర్ పాలన మొదటి రెండేళ్లలో మూడు ఒకటిగానే ఉండేవని, నిదానంగా చేయాల్సిన పనిలో జనం తొందరపడుతున్నారని చూసి ఉమర్ వాటిని మూడుగా అమలు చేశారని సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఇబ్ను అబ్బాస్ చెప్పిన హదీసు ఉంది. అజాగ్రత్తకు శిక్షగా మొదలైంది అలా నియమమై కూర్చుంది. నాలుగు సున్నీ మతాలూ దాన్నే పట్టుకున్నాయి. ఈ నాలుగింటిలో దేనికీ కట్టుబడకుండా నేరుగా ఖుర్ఆన్, హదీసులనే పట్టుకునే అహ్లె హదీస్ వర్గం ఇబ్ను తైమియ్యా దారిలో మూడింటినీ ఒకటిగానే లెక్కిస్తుంది. షియాలకైతే ఈ తలనొప్పే లేదు. నిర్దిష్టమైన అరబ్బీ వాక్యం, ఇద్దరు నీతిమంతులైన సాక్షులు, స్పష్టమైన ఉద్దేశం, శుద్ధి రోజులు, ఇన్నీ ఉంటే తప్ప వాళ్ల దగ్గర తలాఖ్ పడదు. కోపంలో వంటింట్లో అరిచింది వట్టి అరుపే.

హైదరాబాద్ ఒక్క నగరంలోనే ఇవన్నీ పక్కపక్కన ఉన్నాయి. ఎక్కువమంది హనఫీలు, వాళ్లు ఫత్వా కోసం వెళ్లేచోట్లలో 19వ శతాబ్దపు జామియా నిజామియా పేరు పెద్దది. నిజాం సైన్యంలో చేరిన యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బుల వారసులుండే బార్కస్‌లో షాఫయీలు. దారుల్‌షిఫా వైపు షియాలు. అహ్లె హదీస్ మసీదులూ ఉన్నాయి. ఒకే మాట, ఒకే కోపం, ఆటో ఎక్కి ఇంకో పేటకు వెళితే వేరే ఫలితం. మూడు అని ఇరుక్కున్న హనఫీలు కొందరు అహ్లె హదీస్ ముఫ్తీ దగ్గరికి పరిగెత్తడం ఇందుకే. హనఫీ పెద్దలు దాన్ని సందు వెతుక్కోవడం అంటారు. మూడు పడ్డాక పాత భర్తను మళ్లీ చేసుకోవాలంటే ఆమెకు మధ్యలో ఇంకొకరితో పెళ్లయి అది తెగాలి; అందుకని హలాలా పేరుతో ఒక రాత్రి పెళ్లి చేయించడం కంటే ఆ సందే నయం కదా అని అడిగితే తేలిగ్గా జవాబు దొరకదు. ఒప్పందం చేసుకుని హలాలా చేసేవాణ్ని, చేయించుకునేవాణ్ని కూడా ప్రవక్త శపించారని హదీసులోనే ఉంది.

కోర్టులు ఈ మాటను విన్న తీరు మరో కథ. 1905 నాటి సారాబాయి కేసులో బొంబాయి హైకోర్టు, ఒకేసారి ఇచ్చే తలాఖ్ మతపరంగా చెడ్డదైనా చట్టరీత్యా మంచిదేనంది. ఆ ధోరణి ఎక్కడికి పోయిందో 1932లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు, తేల్చిన రషీద్ అహ్మద్ కేసు చూపిస్తుంది. ఒకాయన సాక్షుల ముందు, భార్య లేనప్పుడు మూడుసార్లు తలాఖ్ అన్నాడు. తర్వాత ఆమెతోనే పదిహేనేళ్లు కాపురం చేశాడు, అయిదుగురు పిల్లలు పుట్టారు. అతను పోయాక ఆస్తి తగాదా వచ్చింది. అది నిజమైన ఉద్దేశంతో అన్నది కాదని వాదించారు. మనసులో ఏముందన్నది లెక్కలోకి రాదని కౌన్సిల్ చెప్పింది. తలాఖ్ పడింది, పిల్లలు అక్రమ సంతానం, వాటా లేదు. పదిహేనేళ్ల సంసారం కంటే ఆ ఒక్క నిమిషపు మాటే బరువు తూగింది.

2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు ఈ బరువు తగ్గించింది. తలాఖ్‌కు సరైన కారణం ఉండాలి, ముందు ఇరువైపుల పెద్దమనుషులతో రాజీ ప్రయత్నం జరగాలి, ఎప్పుడో ఇచ్చానని కోర్టు కాగితంలో రాసుకుంటే చెల్లదు అంది. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో 3-2 మెజారిటీతో తక్షణ ట్రిపుల్ తలాఖ్‌ను కొట్టేసింది. మతరీత్యా చెడ్డదైతే చట్టరీత్యా కూడా చెడ్డదేనని జస్టిస్ కురియన్ జోసెఫ్ రాసిన మాట సూటిగా 1905కు జవాబు. మైనారిటీ తీర్పులో చీఫ్ జస్టిస్ ఖేహర్‌తో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు. 2019 చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. నోటిమాట, రాత, వాట్సాప్, ఏ రూపంలో అన్నా తక్షణ తలాఖ్ చెల్లదు, అన్నవాడికి మూడేళ్ల దాకా జైలు. భార్య వాదన వినకుండా మేజిస్ట్రేట్ బెయిలివ్వకూడదు.

చట్టం ఆపింది ఒకేసారి, వెనక్కి తీసుకోలేకుండా ఇచ్చేదాన్ని. ఒక్కసారి అన్న రజయీ తలాఖ్ అలాగే ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి గొడవలో ఒకటి, ఏడేళ్ల తర్వాత ఇంకొకటి, రెండుసార్లూ రాత్రికి కలిసిపోయారు. ఖాతాలో రెండు ఖర్చయిపోయాయని ఇద్దరికీ తెలియదు. ఇంకోవైపు అతి జాగ్రత్త. ఫోన్లో "తాళాలు" అనబోయి తలాఖ్‌లా వినిపించిందేమో, మనసులో అనుకుంది పెదవి దాటిందేమో అని నిద్రపోని కుర్రాళ్లుంటారు. అనుమానంతో నిశ్చయం పోదు, అన్నానని తేలనంతవరకు అననట్టే అని వాళ్లకు శాస్త్రం చెప్పే జవాబు. ఆ టెన్షన్‌ను వస్వసా అంటారు, దానికి ఫత్వా కంటే డాక్టరే మేలని చెప్పే ముఫ్తీలూ ఉన్నారు.

అసలు చిక్కు ఇద్దరూ వేర్వేరుగా విన్నప్పుడు వస్తుంది. ఫత్వాలు తరచుగా "ప్రశ్నలో రాసింది నిజమైతే" అని మొదలవుతాయి. భర్త కాగితంలో రెండుసార్లు అన్నానని రాస్తాడు, దానికి తగ్గ జవాబు వస్తుంది. భార్య తన చెవులతో మూడు విన్నానంటుంది. సాక్షులు లేకపోతే ఖాజీ భర్తతో ప్రమాణం చేయించి అతని మాటే తీసుకుంటాడు. కానీ హనఫీ గ్రంథాల్లోనే "ఆడమనిషి ఖాజీ లాంటిది" అన్న సూత్రం ఉంది. మూడు విన్నానని ఆమెకు నిశ్చయంగా తెలిస్తే, లోకం భార్యాభర్తలన్నా సరే, అతన్ని దగ్గరికి రానివ్వకూడదు. ఇక్కడి కోర్టు లెక్కలోనూ ఆమె భార్యే. మూడన్నాడని రుజువైతే అతను జైలుకు పోతాడు తప్ప పెళ్లి తెగదు. ఆమె నమ్మకం లెక్కలో పెళ్లి ఎప్పుడో తెగింది. అలాంటామెకు ఆ పుస్తకాలు చూపించిన దారి ఖులా, మెహర్ వదులుకునైనా బయటపడటం. భర్త ఒప్పుకుంటేనే ఖులా అనే వాదన చాలాకాలం నడిచింది. భార్య ఖులా కోరడం సంపూర్ణమైన హక్కని, దానికి భర్త అంగీకారం అక్కర్లేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు చెప్పింది.